జాడీలో తయారైన ఆల్కహాల్ ఎంత? ఒకే ద్రవానికి నాలుగు కొలతలు

పులిసిన ద్రవంలో ఆల్కహాల్ ఎంత శాతం ఉందో నేరుగా చూపించే సాధనం ఇంట్లో వాడుకునేవాటిలో దాదాపు లేదనే చెప్పాలి. హైడ్రోమీటర్ సాంద్రత చూపిస్తుంది. తూకం బరువు చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటర్ వెలుతురు ఎంత వంగిందో చూపిస్తుంది. ఆ అంకె పట్టుకుని ఆల్కహాల్ శాతం మనమే లెక్కకడతాం. ఒకే ద్రవాన్ని వేరువేరు దారుల్లో కొలిస్తే జవాబులు కలుస్తాయా, కలవకపోతే ఎందుకు కలవవు అన్నది తేల్చుకోవాలని ఈ పని మొదలుపెట్టాను.

ముందే ఒక మాట. ఇంట్లో పులియబెట్టడానికి కొన్ని చోట్ల అనుమతి ఉంది, కొన్ని చోట్ల లేదు. బట్టీ పట్టడం, అంటే ఆవిరి చేసి ఆల్కహాల్‌ను వేరుగా పట్టుకోవడం, చాలా దేశాల్లో లైసెన్సు లేకుండా చేయకూడదు. నేను ఆల్కహాల్‌ను వేరు చేయను. ఎవరైనా ఈ పని చేయాలనుకుంటే తామున్న చోటి నిబంధనలు ముందు చూసుకోవాలి.

ఏర్పాటు

పండ్ల రసంతో మొదలుపెట్టలేదు. రసంలో చక్కెర ఎంతుందో ముందుగా తెలియదు, పైగా ఆమ్లాలూ పిప్పీ కొలతలో తలదూరుస్తాయి. అందుకని తెల్ల చక్కెర, నీరు, ఈస్ట్, దానికి కావలసిన పోషకాలు, అంతే. ఇది తాగడానికి కాదు, కొలవడానికి. ఒక కిలో చక్కెర కరిగించి మొత్తం ద్రవం సరిగ్గా 5 లీటర్లు అయ్యేలా నీరు కలిపాను. అంటే లీటరుకు 200 గ్రాములు. అందులో 4 లీటర్లు పెద్ద గాజు జాడీలోకి, మిగిలిన లీటరు చిన్న సీసాలోకి వెళ్లాయి. రెండూ పక్కపక్కనే, ఒకే వేడిలో ఉంటాయి. జాడీ బరువు చూడటానికి మాత్రమే, దాని మూత చివరిదాకా తీయను. శాంపిల్ కావాలంటే చిన్న సీసాలోంచి తీసుకుంటాను.

ఉత్త చక్కెర నీటిలో ఈస్ట్ ఎక్కువ రోజులు బతకలేదు. నత్రజని ఉండదు, పైగా పులుపు త్వరగా పెరిగిపోతుంది. అందుకని డైఅమ్మోనియం ఫాస్ఫేట్, చచ్చిన ఈస్ట్ పొడి కొద్దికొద్దిగా వేశాను. పులుపును అదుపులో పెట్టడానికి చాలామంది సుద్దపొడి వేస్తారు. నేను కావాలనే వేయలేదు. సుద్ద ఆమ్లంతో కలిసినప్పుడు తనే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఒక గ్రాము సుద్ద నుంచి 0.44 గ్రాముల వాయువు బయటికొస్తుంది. నేను తూచబోయేది ఆ వాయువునే కాబట్టి దానికి వేరే చోటి నుంచి ఏదీ కలవకూడదు. దాని బదులు కాస్త సోడియం సిట్రేట్ వాడాను.

ఎయిర్‌లాక్‌లో, అంటే వాయువును బయటికి వదులుతూ గాలిని లోపలికి రానివ్వని మూతగొట్టంలో, నీరు పోస్తే అది ఆవిరవుతూ బరువును మార్చేస్తుంది. అందుకని లిక్విడ్ పారాఫిన్ పోశాను. తూకం 10 కిలోల దాకా, గ్రాము తేడాతో చూపించేది. ఆ తూకాన్నీ గుడ్డిగా నమ్మడానికి లేదు, ఎలక్ట్రానిక్ తూకాలు వేడిని బట్టి, బ్యాటరీని బట్టి నెమ్మదిగా జరుగుతుంటాయి. గట్టిగా బిరడా బిగించిన ఒక నీళ్ల సీసాను పక్కన పెట్టుకున్నాను. జాడీని తూచిన ప్రతిసారీ దాన్నీ తూస్తాను. దాని బరువు మారినట్టు కనిపిస్తే ఆ మార్పు తూకానిదే.

మొదటి రీడింగులు

హైడ్రోమీటర్‌ను ముందు డిస్టిల్డ్ వాటర్‌లో తేల్చి చూశాను. 20 డిగ్రీల దగ్గర 1.000 చూపించాలి, చూపించింది. చవకరకం హైడ్రోమీటర్లలో లోపలి కాగితం కొంచెం జారి ఉండటం మామూలే కాబట్టి ఈ పరీక్ష తప్పదు. తేడా ఉన్నా పరవాలేదు, ఎంత తేడానో రాసిపెట్టుకుంటే చాలు.

చక్కెర నీరు 28 డిగ్రీల దగ్గర ఉంది, రీడింగ్ 1.075. ద్రవం వేడెక్కితే పలచబడుతుంది, ఆ వేడిలో సుమారు 0.002 కలపాలి. అంటే అసలు గ్రావిటీ, నీటి సాంద్రతను 1 అనుకుంటే ఈ ద్రవం సాంద్రత, 1.077. లీటరుకు 200 గ్రాముల చక్కెరకు పట్టికలో ఉన్న విలువ కూడా అదే. రిఫ్రాక్టోమీటర్ 18.6 బ్రిక్స్ అంది. 100 గ్రాముల ద్రావణంలో 18.6 గ్రాముల చక్కెర, ఇదీ సరిపోయింది. పులియకముందు మూడూ ఒకే మాట చెబుతాయి, ఎందుకంటే జాడీలో చక్కెర, నీరు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

ఇప్పుడే పైహద్దు కట్టుకోవడం మంచిది. 342 గ్రాముల చక్కెర 18 గ్రాముల నీటిని కలుపుకుని 360 గ్రాముల గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. వాటి నుంచి 184 గ్రాముల ఆల్కహాల్, 176 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త గేలుసాక్ 1815లో ఇచ్చిన సమీకరణం సారాంశం ఇదే. ఆ లెక్కన జాడీలోని నాలుగు లీటర్లలో ఉన్న 800 గ్రాముల చక్కెర నుంచి రాగలిగింది ఎంత ఎక్కువైనా 430 గ్రాములు, సుమారు 545 మి.లీ. ఆల్కహాల్. ఏ సాధనమైనా అంతకు మించి చూపిస్తే ఆ సాధనాన్నే అనుమానించాలి.

జోరు మీద ఉన్నప్పుడు

బుడగలు ఆగకుండా వస్తున్నాయి. ఎయిర్‌లాక్ బుడగల్ని లెక్కపెట్టి ఎంత పులిసిందో చెప్పాలని చాలామంది చూస్తారు గానీ, దాన్ని కొలతగా నేను తీసుకోను. మూత దగ్గర కాస్త సందున్నా వాయువు అటు నుంచి పోతుంది, గది వేడెక్కితే పులవకుండానే బుడగలొస్తాయి. బరువు మాత్రం అలా కాదు, వాయువు ఏ దారిన పోయినా జాడీ తేలికవుతుంది.

ఈ పద్ధతి మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. 1789లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లావోయిజియర్ పులియడాన్ని అర్థం చేసుకోవడానికి చేసింది ఇదే. చక్కెర, నీరు, ఈస్ట్ ఎంత వేశామో, చివరికి ఆల్కహాల్, వాయువు, మిగతావి ఎంత వచ్చాయో రెండువైపులా తూచి సమానం చేయడానికి ప్రయత్నించాడు. పదార్థం పుట్టదు, పోదు అన్న మాటను ఆయన ఈ సందర్భంలోనే అంత స్పష్టంగా రాశాడు. ఆయన అంకెలు తర్వాత సవరించాల్సి వచ్చింది కానీ పద్ధతి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఇవాళ వంటింటి తూకంతో అదే పని చేయగలుగుతున్నామంటే నాకు చాలా సంతోషం.

జాడీ బరువు 150 గ్రాములు తగ్గిన రోజున చిన్న సీసాలోంచి శాంపిల్ తీశాను. ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ పోయిందంటే 46.07ను 44.01తో భాగించినంత, అంటే 1.047 గ్రాముల ఆల్కహాల్ లోపల తయారైనట్టు. 150 గ్రాములకు 157 గ్రాములు. ఆల్కహాల్ సాంద్రత 0.789 కాబట్టి 199 మి.లీ. నాలుగు లీటర్లలో 5 శాతం.

హైడ్రోమీటర్ 1.040 దగ్గర నిలిచింది. శాంపిల్‌ను ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి చాలాసేపు పోసి వాయువు పోగొట్టాకే కొలిచాను. లేకపోతే బుడగలు హైడ్రోమీటర్‌కి అంటుకుని దాన్ని పైకెత్తేస్తాయి. అందరూ వాడే సూత్రం తెలిసిందే: మొదటి గ్రావిటీలోంచి ఇప్పటిది తీసేసి 131.25తో గుణించాలి. 0.037 × 131.25 అంటే 4.9 శాతం.

అయిదుకూ 4.9కీ పేచీ లేదు. ఇక్కడితో పులియడం ఆగిపోయి ఉంటే రెండు పద్ధతులూ ఒకటేనని రాసి ఊరుకునేవాణ్ని.

రిఫ్రాక్టోమీటర్ చెప్పేది వేరు

అదే శాంపిల్‌లోంచి రెండు చుక్కలు రిఫ్రాక్టోమీటర్ మీద వేశాను. హైడ్రోమీటర్‌తో పోలిస్తే ఇంకా బోలెడు చక్కెర మిగిలి ఉన్నట్టు చూపించింది. అది పాడవలేదు, తన పని తాను సరిగ్గానే చేస్తోంది. నీటి వక్రీభవన గుణకం 1.333, ఆల్కహాల్‌ది 1.361. చక్కెర కరిగినా ఆల్కహాల్ కలిసినా వెలుతురు మరింత వంగుతుంది. సాధనానికి ఈ రెంటికీ తేడా తెలియదు, అంతా చక్కెర కిందే జమ కడుతుంది.

హైడ్రోమీటర్ దగ్గర ఇది తిరగబడుతుంది. చక్కెర సాంద్రతను పెంచుతుంది, ఆల్కహాల్ తగ్గిస్తుంది. ఇక్కడే ఒక మంచి వీలు దొరుకుతుంది. మనకు తెలియనివి రెండు: మిగిలిన చక్కెర, తయారైన ఆల్కహాల్. ఒక సాధనంలో రెండూ ఒకవైపే లాగుతాయి, ఇంకోదాంట్లో చెరోవైపు లాగుతాయి. రెండు రీడింగులూ ఉంటే రెండు సమీకరణాలు ఉన్నట్టే. రిఫ్రాక్టోమీటర్ రీడింగును సరిచేసే లెక్కలన్నిటి వెనకా ఈ సూత్రమే ఉంది.

బరువు ఆగింది

వరుసగా కొన్ని రోజులు జాడీ బరువు కదలలేదు, పక్కనున్న నీళ్ల సీసా బరువూ కదలలేదు. మొత్తం తగ్గింది 371 గ్రాములు. మామూలు గది వేడిలో ఆ వాయువు 200 లీటర్లకు పైమాటే. మూసిన గదుల్లో పెద్ద ఎత్తున పులియబెట్టేవాళ్లకు గాలి ఆడేలా చూసుకోమని ఎందుకంత గట్టిగా చెబుతారో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

371 × 1.047 అంటే 388 గ్రాముల ఆల్కహాల్, 492 మి.లీ. ద్రవం ఘనపరిమాణాన్ని బరువు నుంచీ సాంద్రత నుంచీ లెక్కకడితే 3.98 లీటర్లు వస్తోంది. శాతం: 12.4.

ఈ 371 అంతా కార్బన్ డయాక్సైడేనా అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాను. వాయువు బయటికి పోతూ తనతో తేమను మోసుకుపోతుంది. 200 లీటర్ల వాయువుతో పాటు ఐదారు గ్రాముల నీటి ఆవిరి, రెండు మూడు గ్రాముల ఆల్కహాల్ ఆవిరి పోతాయని లెక్క తేలింది. అంటే బరువు నష్టం ఆమేరకు ఎక్కువగా కనిపిస్తోంది. కానీ ఇంకోవైపు, తయారైన వాయువంతా బయటికి రాలేదు. ద్రవంలో లీటరుకు గ్రామున్నర దాకా కరిగి మిగిలి ఉంటుంది, నాలుగు లీటర్లలో ఐదారు గ్రాములు. ఒక లోటు ఇంకో లోటును దాదాపు పూడ్చేసింది. ఇది నా జాడీకి కలిసొచ్చిన సంగతి. వేడి ఎక్కువున్నచోట ఆవిరి పెరుగుతుంది, కరిగి ఉండే వాయువు తగ్గుతుంది, అప్పుడు ఇంత చక్కగా పూడదు.

పైహద్దు 430 గ్రాముల్లో 388 వచ్చింది, అంటే 90 శాతం. మిగతాది ఈస్ట్ తన ఒంటికి వాడుకుంది, కొంత గ్లిజరాల్, సక్సినిక్ ఆమ్లం అయింది. గేలుసాక్ సమీకరణంలో లేని ఈ పదార్థాల సంగతి 1860లో పాశ్చర్ వివరంగా చూపించాడు. ప్రాగ్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త బాలింగ్ 1843 నాటికే దీన్ని ఒక లెక్కలో పెట్టాడు: 2.0665 గ్రాముల చక్కెర సారం నుంచి 1 గ్రాము ఆల్కహాల్, 0.9565 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 0.11 గ్రాముల ఈస్ట్. బీరు తయారీ లెక్కలు ఇప్పటికీ ఈ అంకెల మీదే నడుస్తాయి. నా 371ని 0.9565తో భాగించినా 388 గ్రాములే వస్తోంది.

హైడ్రోమీటర్ ఎందుకు తక్కువ చెప్పింది

చివరి గ్రావిటీ, వాయువు పోగొట్టాక, 20 డిగ్రీల దగ్గర: 0.988. నీటికంటే తేలిక. రిఫ్రాక్టోమీటర్ మాత్రం ఇంకా 5.5 బ్రిక్స్ అంటోంది. దాన్నొక్కదాన్నే నమ్మినవాళ్లు పులియడం మధ్యలో ఆగిపోయిందనుకుని మళ్లీ ఈస్ట్ వేస్తారు.

సూత్రం ప్రకారం 0.089 × 131.25 = 11.7 శాతం. తూకం 12.4 అంది. 0.7 శాతం తేడాను గాలికి వదిలేయలేం. ఆ 131.25 అసలు ఎక్కడిదో విప్పి చూశాను. గ్రాము వాయువు పోతే 1.05 గ్రాముల ఆల్కహాల్, దాన్ని ఘనపరిమాణంలోకి మార్చడానికి 0.79తో భాగించాలి, శాతానికి వందతో గుణించాలి. 133 వస్తుంది, 131.25కి బాగా దగ్గర. అంటే ఈ సూత్రం సాంద్రత తగ్గుదలనే పోయిన వాయువు బరువుగా తీసుకుంటోంది. ద్రవం ఘనపరిమాణం మారదన్న ఊహ అందులో ఉంది.

కానీ ఘనపరిమాణం మారుతుంది. నా నాలుగు లీటర్లు 3.98 అయ్యాయి. కొలపాత్రలో కళ్లతో పట్టుకోలేనంత చిన్న మార్పు. అయినా దాని ప్రభావం చిన్నది కాదు. నిజంగా పోయింది లీటరుకు 93 గ్రాములు. ద్రవం కాస్త కుంచించుకుని చిక్కబడటం వల్ల సాంద్రత మాత్రం 89 గ్రాముల మేరకే తగ్గినట్టు కనిపించింది. పులిసే చక్కెర తక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా కంటికి ఆనదు, అందుకే 5 శాతం దగ్గర రెండూ కలిశాయి. చక్కెర పెరిగేకొద్దీ ఎడం పెరుగుతుంది. ఘాటు ఎక్కువైన ద్రవాల కోసం వాడే పెద్ద సూత్రం ఒకటుంది: 76.08ని గ్రావిటీ తేడాతో గుణించి, 1.775లోంచి మొదటి గ్రావిటీ తీసేసిన దాంతో భాగించి, ఆ వచ్చినదాన్ని చివరి గ్రావిటీతో గుణించి 0.794తో భాగించాలి. దాని ప్రకారం 12.1 శాతం. బీరులాంటి తేలిక ద్రవానికి మామూలు సూత్రం చాలు, 1.070 దాటితే పెద్ద సూత్రమే వాడటం మేలని నా అభిప్రాయం.

ఇక్కడ నన్ను తొలిచిన విషయం ఇంకొకటుంది. తూకం, హైడ్రోమీటర్ రెండూ ఆఖరికి చూసేది పోయిన కార్బన్ డయాక్సైడ్‌నే. ఆల్కహాల్‌ను రెండూ చూడలేదు. రెండింటి జవాబు కలిసినంత మాత్రాన అది రెండు సాక్ష్యాల కింద లెక్క కాదు. మొదటి రీడింగ్‌తో పనిలేకుండా, ఇప్పుడు ద్రవంలో ఉన్న ఆల్కహాల్‌నే పట్టుకునే కొలత కావాలి.

మరిగించి చూడటం

ప్రయోగశాలల్లో ద్రవాన్ని బట్టీ పట్టి, వచ్చిన ఆల్కహాల్‌కు నీరు కలిపి మొదటి ఘనపరిమాణానికి తెచ్చి, 20 డిగ్రీల దగ్గర దాని సాంద్రత చూస్తారు. నేను దాన్నే తిరగేశాను. ఆల్కహాల్‌ను పోనిచ్చి మిగిలినదాన్ని కొలవాలి. ఫ్రాన్స్‌కు చెందిన టబారియే పేరుతో ఉన్న సూత్రం చాలా సులువైనది: అసలు ద్రవం గ్రావిటీలోంచి ఆల్కహాల్ పోయాక మిగిలినదాని గ్రావిటీ తీసేసి 1 కలిపితే, అంతే ఆల్కహాల్ ఉన్న ఉత్త నీటి గ్రావిటీ వస్తుంది. దాన్ని పట్టికలో చూసుకోవడమే.

ఈ పనికి మామూలు హైడ్రోమీటర్ చాలదు. 10, 12 శాతాల మధ్య ఆల్కహాల్ నీటి గ్రావిటీ 0.9865 నుంచి 0.9842కి మాత్రమే తగ్గుతుంది. రీడింగ్‌లో 0.001 తేడా వస్తే జవాబు 0.9 శాతం దాకా మారిపోతుంది. పాత పద్ధతిలో అదే 0.001కి 0.13 శాతమే మారేది. అందుకని కాలేజీ ల్యాబుల్లో కనిపించే 50 మి.లీ. స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్ (ప్రతిసారీ సరిగ్గా ఒకే ఘనపరిమాణం పట్టే చిన్న సీసా), గ్రాములో వందో వంతు చూపించే చిన్న తూకం తెచ్చుకున్నాను. వాటితో 0.0002 తేడాను పట్టుకోవచ్చు.

సీసాలో మిగిలిన ద్రవాన్ని వడకట్టి, వాయువు పోగొట్టి, 20 డిగ్రీల నీటి తొట్టిలో ఉంచి సరిగ్గా 200 మి.లీ. ఫ్లాస్క్‌లో కొలిచాను. ఎలక్ట్రిక్ హాట్‌ప్లేట్ మీద, కిటికీలన్నీ తీసి, సగం కన్నా తక్కువ అయ్యేదాకా మెల్లగా మరిగించాను. మంట వాడకూడదు, పోయే ఆవిరి అంటుకుంటుంది. చల్లారాక పాత్ర అంచులు కడిగిన నీటితో సహా అదే ఫ్లాస్క్‌లో పోసి, మళ్లీ 20 డిగ్రీల దగ్గర డిస్టిల్డ్ వాటర్‌తో గీత దాకా నింపాను. ఈ గీత దగ్గర తొందర పడితే మిగతా శ్రమంతా దండగే.

మరిగించకముందు 0.9880. మరిగించాక 1.0042. తేడా తీసి ఒకటి కలిపితే 0.9838. పట్టికలో 12.3 శాతం. నా సాధనాల హద్దు చూసుకుంటే అటూఇటూ 0.3.

తూకం చెప్పిన 12.4కు ఇది పక్కనే ఉంది. మొదట్లో ఎంత చక్కెర వేశానో, ఎంత వాయువు పోయిందో ఈ కొలతకు తెలియదు. అందుకే ఈ రెండూ కలవడాన్ని నేను గట్టి సాక్ష్యంగా తీసుకుంటున్నాను. మరిగించాక 1.0042 వచ్చిందంటే లీటరుకు పది గ్రాముల పైన ఏదో కరిగి ఉంది. గ్లిజరాల్, పోషకాల లవణాలు, కాస్త మిగిలిన చక్కెర అయి ఉండాలి. రిఫ్రాక్టోమీటర్ చూపిన 5.5లో ఒక భాగం వీటిదే, మిగతా అంతా ఆల్కహాల్ పని.

ఎబులియోమీటర్ అని ఇంకో సాధనం ఉంది, ద్రవం ఎంత వేడి దగ్గర మరుగుతుందో చూసి శాతం చెబుతుంది. ఆల్కహాల్ 78.3 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి అది ఎక్కువైనకొద్దీ మరిగే వేడి తగ్గుతుంది. అయితే 300 మీటర్ల ఎత్తుకు వెళ్తే నీరే సుమారు ఒక డిగ్రీ ముందు మరుగుతుంది. అందుకే ముందు ఉత్త నీటిని మరిగించి సున్నా పెట్టుకోవాలి. నా దగ్గరది లేదు, మామూలు థర్మామీటర్‌తో చేస్తే నమ్మదగ్గ జవాబు రాదు.

మొదటి రీడింగ్ లేని సీసా

ఈ పని చూసిన ఒక స్నేహితుడు తాను పులియబెట్టిన ద్రాక్షరసం సీసా తెచ్చి ఇచ్చాడు. మొదటి గ్రావిటీ రాసుకోలేదట. తూకం పద్ధతీ, 131.25 సూత్రమూ ఇక్కడ పనికిరావు. మరిగించే పద్ధతి పనికొస్తుంది. మరిగించకముందు 0.9962, తర్వాత 1.0110. సూత్రం 0.9852 ఇచ్చింది, అంటే 11 శాతం. ద్రాక్షలో కరిగి ఉండే పదార్థాలు ఎక్కువ కాబట్టి మరిగాక గ్రావిటీ అంత ఉండటం సహజమే. హైడ్రోమీటర్ 0.996 దగ్గర నిలిచిందని చూసి ఇందులో ఆల్కహాల్ తక్కువనుకుంటే పొరపాటు.

ఈ పద్ధతికి ఒక లొసుగుంది. ద్రవం పులిసి వెనిగర్ వైపు తిరిగి ఉంటే ఎసిటిక్ ఆమ్లం కూడా ఆల్కహాల్‌తో పాటు కొంత ఆవిరై లెక్కను కదిలిస్తుంది. ఈ సీసాలో వెనిగర్ వాసన లేదు. లేబుల్ మీద "11 శాతం, అటూఇటూ 0.3, మరిగించి కొలిచింది" అని రాసి ఇచ్చాను.

జాడీ కడిగి ఆరబెట్టాను. తర్వాతి విడతలో ద్రాక్షరసమే పోస్తాను, మొదటి గ్రావిటీతో పాటు మొదటి బరువూ రాసుకుంటాను. ఈసారి గది వేడిని తగ్గించి చూడాలి, ఆవిరికీ కరిగిన వాయువుకూ మధ్య ఆ పూడిక ఎటు ఒరుగుతుందో తెలుస్తుంది.